రాక్‌వూల్ వేయించే ముందు, వేయించాక: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇల్లు కట్టుకునేవారు, రేకుల షెడ్డు వేసేవారు, ఆఫీసు ఇంటీరియర్ చేయించేవారు రాక్‌వూల్ గురించి మళ్లీ మళ్లీ అడిగే సందేహాలివి. పని ఏ దశలో ఉంటే ఆ భాగానికి నేరుగా వెళ్లొచ్చు, ఏ జవాబుకు ఆ జవాబు విడిగా అర్థమవుతుంది. షాపుల్లో రాక్‌వూల్ పలకను కూడా ‘స్లాబ్’ అనే అంటారు. కాంక్రీటు శ్లాబుతో కలగాపులగం కాకుండా ఇక్కడ దాన్ని పలక అన్నాం.

## వేయించాలా వద్దా అనుకుంటున్నప్పుడు

రాక్‌వూల్ అంటే ఏమిటి? గ్లాస్‌వూల్, ఇదీ ఒకటేనా?

బసాల్ట్, డయాబేస్ లాంటి రాళ్లను డోలమైట్‌తోనో స్లాగ్‌తోనో (లోహాల కొలిమిలో మిగిలే మడ్డి) కలిపి కొలిమిలో సుమారు 1500 డిగ్రీల దగ్గర కరిగిస్తారు. ఆ ద్రవాన్ని గిర్రున తిరిగే చక్రాల మీద పోస్తే సన్నటి పోగులుగా చిమ్ముతుంది. పోగులు అతుక్కోవడానికి కాస్త ఫినాలిక్ రెసిన్, దుమ్ము లేవకుండా, నీరు అంటకుండా కాస్త నూనె చల్లి, ఓవెన్‌లో గట్టిపరిచి పలకలుగా కోస్తారు. బరువులో రెసిన్ కొద్ది శాతమే, మిగతాదంతా రాయి. అయితే వేడిని ఆపేది ఆ రాయి కాదు, పోగుల మధ్య ఇరుక్కుని కదలలేని గాలి.

గ్లాస్‌వూల్‌ను గాజుతో చేస్తారు. మామూలు గది ఉష్ణోగ్రతల దగ్గర రెండూ వేడిని దాదాపు సమానంగానే ఆపుతాయి. గ్లాస్‌వూల్ తేలిక, చుట్టలుగా నొక్కి ప్యాక్ చేయొచ్చు, అందుకే రవాణా ఖర్చు తక్కువ. తేడా నిప్పు దగ్గర తెలుస్తుంది. గాజు పోగు 600–700 డిగ్రీలకే మెత్తబడి కుంచించుకుపోతుంది, రాతి పోగు 1000 డిగ్రీలు దాటినా కరగదు. కేవలం ఎండవేడి కోసమైతే గ్లాస్‌వూల్ చాలు. నిప్పును ఆపాల్సిన చోట అది సరిపోదు.

పై అంతస్తులో ఎండ దంచేస్తోంది. శ్లాబు కింద రాక్‌వూల్ వేయిస్తే చల్లబడుతుందా?

పగలంతా ఏసీ నడిచే గదైతే తేడా కచ్చితంగా తెలుస్తుంది. ఏసీ లేని మామూలు ఇంటికైతే డబ్బు ముందు శ్లాబు పైన పెట్టడం మంచిది.

కింద ఇన్సులేషన్ వేసినా శ్లాబు పైనుంచి ఎండకు కాగుతూనే ఉంటుంది. ఆ వేడి గదిలోకి దిగకుండా రాక్‌వూల్ అడ్డుకుంటుంది, కానీ శ్లాబు పగలు సాగడం, రాత్రి కుంచించుకోవడం ఆగదు. పగుళ్లూ, వాటర్‌ప్రూఫింగ్ దెబ్బతినడమూ ఆగవు. అదే పైన తెల్లటి కూల్ రూఫ్ పూత వేస్తే ఎండలో ఎక్కువ భాగం తిరిగి వెళ్లిపోతుంది, శ్లాబే కాగదు. తెలంగాణ ప్రభుత్వం 2023–28 కాలానికి కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా ఈ తర్కం మీదే. పూత చాలకపోతే వాటర్‌ప్రూఫింగ్ మీద ఎక్స్‌పీఎస్ ఫోమ్ (గట్టి ప్లాస్టిక్ నురుగు) బోర్డులు పరిచి పైన టైల్స్ వేయిస్తారు. ఎక్స్‌పీఎస్ నీరు పీల్చదు కాబట్టి డాబా మీద అదే నప్పుతుంది.

ఇంకోటి: రాక్‌వూల్ వేడి రావడాన్ని నెమ్మదింపజేస్తుందే తప్ప చల్లదనాన్ని పుట్టించదు. పడమటి కిటికీల్లోంచి ఎండ పడుతుంటే పైన ఎంత మందం వేసినా గది వేడెక్కుతుంది.

మరి రాక్‌వూల్ తప్పనిసరి అనదగ్గ చోట్లు ఏవి?

మూడు. మొదటిది నిప్పు: అంతస్తుల మధ్య కేబుళ్లూ పైపులూ దూరిన రంధ్రాలు, గ్లాస్ ఫసాడ్‌కూ (భవనం బయటి అద్దాల గోడ) శ్లాబు అంచుకూ మధ్య ఖాళీ, ఎత్తైన భవనాల బయటి క్లాడింగ్ (గోడకు తొడిగే షీట్లు) వెనక భాగం, ఫైర్ డోర్ల లోపలి భాగం. లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్‌లో 2017 జూన్ 14న మంటలు బయటి గోడ వెంబడి పైకి పాకి 72 మంది చనిపోయారు. అక్కడ క్లాడింగ్ షీట్లలో పాలిథిలిన్ ఉంది, ఇన్సులేషన్‌లో ఎక్కువ భాగం పీఐఆర్ ఫోమ్ అనే మండే ప్లాస్టిక్ నురుగు. ఆ తర్వాత ఇంగ్లండ్ 18 మీటర్లు దాటిన నివాస భవనాల బయటి గోడల్లో మండే పదార్థాలను నిషేధించింది.

రెండోది చప్పుడు: డ్రైవాల్ (జిప్సం బోర్డు గోడ) లోపల, స్టూడియోల్లో, జనరేటర్ గదుల్లో. గ్లాస్‌వూల్ కూడా చప్పుడును బాగానే పీలుస్తుంది, కానీ జనరేటర్ గదిలో చప్పుడుతో పాటు నిప్పు భయమూ ఉంటుంది. మూడోది బాగా కాగే పరికరాలు: జనరేటర్ పొగ గొట్టం, బాయిలర్, ఆవిరి పైపులు. థర్మోకోల్, పఫ్ (పాలీయూరితేన్ నురుగు) లాంటివి అక్కడ నిలవవు.

ఇది ఆస్బెస్టాస్ లాంటిదే కదా? క్యాన్సర్ వస్తుందా?

కాదు. ఆస్బెస్టాస్ పోగు నిలువునా చీలి ఇంకా ఇంకా సన్నబడి ఊపిరితిత్తుల్లో లోతుకు దిగి అక్కడే ఉండిపోతుంది. రాక్‌వూల్ పోగు అడ్డంగా విరుగుతుంది, పొట్టిదవుతుంది తప్ప సన్నబడదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లో రాక్‌వూల్‌ను 2బీ వర్గంలో, అంటే ‘క్యాన్సర్ కారకం కావచ్చు’ అన్న జాబితాలో పెట్టింది. 2001లో మళ్లీ పరిశీలించి 3వ వర్గానికి, అంటే ‘క్యాన్సర్ కారకమని వర్గీకరించలేం’ అన్న జాబితాకు మార్చింది.

ఫర్నేసులకు వాడే తెల్లటి సెరామిక్ ఫైబర్ వేరు, అది ఇప్పటికీ 2బీలోనే ఉంది. పాత ఫ్యాక్టరీల్లో రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి, ఒకటే అనుకోవద్దు.

మండదంటారు, కానీ లైటర్ పెడితే పొగ, వాసన వచ్చాయి. మోసపోయామా?

లేదు. కాలింది పోగుల్ని పట్టి ఉంచే రెసిన్. 200–250 డిగ్రీలు దాటితే అది కాలి గోధుమరంగు చోటు తెల్లబారుతుంది. పలక మంట పట్టుకోకూడదు, కరిగి బొట్లుగా కారకూడదు. ఆ రెండింట్లో ఏది జరిగినా అది రాక్‌వూల్ కాదు.

## డెన్సిటీ, మందం ఎంచుకుని కొనేటప్పుడు

48, 64, 96, 144 అంటున్నారు. డెన్సిటీ పెరిగితే వేడి తక్కువ వస్తుందా?

ఈ అంకెలు ఘనపు మీటరుకు ఎన్ని కిలోలో చెబుతాయి. గది ఉష్ణోగ్రతల దగ్గర 48కీ 96కీ వేడిని ఆపడంలో తేడా చాలా స్వల్పం. రెండూ వేడిని పోనిచ్చే రేటు మీటర్-కెల్విన్‌కు 0.034–0.038 వాట్ల మధ్యే ఉంటుంది. వేడి తగ్గాలంటే డబ్బు డెన్సిటీ మీద కాదు, మందం మీద పెట్టాలి. 50 ఎంఎం మందంలో 96 కొనేకంటే 75 ఎంఎంలో 48 కొనడం మేలు.

డెన్సిటీ వేరే కారణాలకు కావాలి. ఫాల్స్ సీలింగ్ పైనా, రేకుల కిందా, డ్రైవాల్ లోపలా 48 లేదా 64. గోడకు నిలువుగా బిగించి జారిపోకూడదనుకుంటే 64–96. ఫైర్ స్టాపింగ్‌కు (మంట, పొగ దాటకుండా రంధ్రాలు మూయడం), వేడి పైపులకు 100–144. పైన మనుషులు నడిచే ఫ్లాట్ రూఫ్ కింద, తేలే ఫ్లోర్ (శ్లాబును తాకకుండా మెత్తటి పొర మీద వేసే ఫ్లోర్) కింద అంతకంటే గట్టివి. ఇక్కడ డెన్సిటీ ఒక్కటే చూసి కొనకుండా ఎంత బరువుకు ఎంత నొక్కుకుంటుందో తయారీదారు డేటా షీట్‌లో చూడాలి.

శ్లాబు కింద ఎంత మందం వేస్తే చాలు?

లెక్క చిన్నదే. మందాన్ని మీటర్లలో రాసి 0.036తో (రాక్‌వూల్ వేడిని పోనిచ్చే రేటు, మీటర్-కెల్విన్‌కు వాట్లలో) భాగిస్తే పలక నిరోధం వస్తుంది. దానికి 150 ఎంఎం కాంక్రీటుకూ రెండు వైపులా గాలి పొరలకూ కలిపి సుమారు 0.3 చేర్చి, 1ని ఆ మొత్తంతో భాగిస్తే యు-విలువ. అది ఎంత తక్కువుంటే అంత తక్కువ వేడి దిగుతుంది.

- ఉత్త శ్లాబు: సుమారు 3.3
- 25 ఎంఎం: సుమారు 1.0
- 50 ఎంఎం: సుమారు 0.6
- 75 ఎంఎం: సుమారు 0.42
- 100 ఎంఎం: సుమారు 0.33

నివాస భవనాలకు ఎకో నివాస్ సంహిత 2018 పెట్టిన హద్దు 1.2, అంటే 25 ఎంఎం వేసినా ఆ హద్దు లోపలే ఉంటుంది. ఎనర్జీ కన్జర్వేషన్ బిల్డింగ్ కోడ్ 2017 ఎక్కువ రకాల వాణిజ్య భవనాలకు 0.33 అడుగుతుంది, దానికి 100 ఎంఎం కావాలి. కోడ్ ఒత్తిడి లేని ఇంటికి 50 ఎంఎం దగ్గర ఆగడం తెలివైన పని. మొదటి 50 ఎంఎం శ్లాబు గుండా దిగే వేడిలో ఐదింట నాలుగు వంతులు ఆపేస్తుంది, రెండో 50 ఎంఎం ఆపేది మిగిలిన ఒక వంతులో సగమే.

64 అని చెప్పి 48 అంటగట్టారేమో ఎలా కనిపెట్టాలి?

తూకం వేయండి, వంటింటి కాటా చాలు. 1000×500×50 ఎంఎం పలక 48 డెన్సిటీ అయితే 1.2 కిలోలు, 64 అయితే 1.6, 96 అయితే 2.4, 144 అయితే 3.6 కిలోలు ఉండాలి. ఫాయిల్ ఉంటే దాని బరువు తీసేయాలి. ఒక్క పలక కాదు, వేర్వేరు కట్టల్లోంచి ఐదారు తీసి సగటు చూడాలి. స్కేలు పెట్టి మందం కూడా కొలవాలి, 50 అని 45 ఇవ్వడమూ ఉంది.

బరువు సరిపోయినా ఇంకో మోసం ఉండొచ్చు. పలకను విరిచి తెల్ల కాగితం మీద దులిపితే ఇసుకలా గింజలు రాలతాయి. పోగుగా మారకుండా గడ్డకట్టిన రాయి అది, షాట్ అంటారు. కొంత మామూలే. గుప్పెడు రాలితే ఆ బరువు మీకు పనికిరానిది, కొన్నది కంకర! ప్యాకెట్ మీద ఐఎస్ 8183 ముద్ర ఉందో లేదో చూడండి. పెద్ద ఆర్డరైతే ఆ బ్యాచ్ టెస్ట్ సర్టిఫికెట్ అడగండి.

10×12 అడుగుల గదికి ఎన్ని పలకలు?

120 చదరపు అడుగులంటే సుమారు 11.15 చదరపు మీటర్లు. 1000×500 పలక అర చదరపు మీటరు కప్పుతుంది కాబట్టి 23 కావాలి, కోత వృథాకు రెండు కలిపి 25.

అల్యూమినియం ఫాయిల్ ఉన్నదే కొనాలా?

డ్రైవాల్ లోపలికి, స్టూడియో ప్యానెళ్లకు ఫాయిల్ అక్కర్లేదు. స్టూడియోలో అది నష్టం కూడా, సన్నటి శబ్దాలను పీల్చనివ్వకుండా వెనక్కి కొడుతుంది. రేకుల కిందా, శ్లాబు కిందా మాత్రం ఉండాలి. దుమ్ము, పోగులు కింద పడకుండా ఆపుతుంది, చెమ్మను అడ్డుకుంటుంది, ఎదురుగా గాలి ఖాళీ ఉంటే వేడి ప్రసరించడాన్నీ తగ్గిస్తుంది. ఖాళీ లేకుండా ఫాల్స్ సీలింగ్ బోర్డుకు అంటుకుపోతే ఈ మూడో లాభం ఉండదు. అతుకుల దగ్గర అల్యూమినియం టేప్ వేయకపోతే చెమ్మ ఆ సందుల్లోంచే వెళ్తుంది.

## బిగించేటప్పుడు

రేకుల షెడ్డుకు సరైన పద్ధతి ఏది?

కొత్త షెడ్డైతే రేకులు వేయకముందే చేయాలి. పర్లిన్ల (రేకుల్ని మోసే అడ్డ కమ్మీలు) మీద జీఐ వైర్‌మెష్‌ను బిగువుగా లాగి కట్టి, దాని మీద 50 ఎంఎం రోల్‌ను ఫాయిల్ కిందికి ఉండేలా పరిచి, పైన రేకు వేసి స్క్రూలు కొడతారు. రోల్ అంచులు ఒకదానికొకటి ఆనాలి, ఫాయిల్ అంచు పక్కదాని మీదికి రావాలి. ఎంత పరిచారో అంతవరకూ ఆ రోజే రేకు కప్పేయాలి. సాయంత్రం వానకు తడిసిన రోల్ మీద మర్నాడు రేకు వేసేస్తే ఆ నీరు నెలల తరబడి లోపలే ఉంటుంది.

పర్లిన్ దగ్గర రేకు నొక్కడంతో 50 ఎంఎం కాస్తా పది ఎంఎం లోపుకి వస్తుంది. ప్రతి పర్లిన్ మీదా ఇదే పరిస్థితి, కాబట్టి లెక్కలో వచ్చే యు-విలువ నిజంగా రాదు. పర్లిన్ మీద గట్టి స్పేసర్లు పెట్టి రేకును ఎత్తితే ఈ నష్టం చాలావరకు పోతుంది. కాంట్రాక్టర్లు దీన్ని వదిలేస్తారు, ముందే రాతపూర్వకంగా అడగాలి.

ఫాయిల్ కిందికే ఎందుకంటే, చలికాలం తెల్లవారుజామున రేకు బయటి గాలికంటే చల్లబడుతుంది. షెడ్డులోని తేమ గాలి దాన్ని తాకితే నీటి బొట్లు కడతాయి. ఫాయిల్ ఆ గాలిని పైకి పోనివ్వదు. రేకుకు ఆనుకున్న రాక్‌వూల్ వల్ల వాన చప్పుడు కూడా బాగా తగ్గుతుంది.

శ్లాబు కింద ఎలా నిలబెడతారు? జిగురు చాలదా?

చాలదు. పలక పోగులు పొరలు పొరలుగా ఉంటాయి, జిగురు పై పొరను పట్టుకుంటుంది, మిగతాది ఊడి వేలాడుతుంది. శ్లాబుకు డ్రిల్ చేసి పిన్నులు లేదా యాంకర్లు దించి, పలక గుచ్చి, వాషర్ తొడగాలి. 1000×500 పలకకు కనీసం నాలుగు మూలలా ఒకటి, మధ్యలో ఒకటి. కింద వైర్‌మెష్ లాగి కట్టాలి. వాషర్‌ను పలక గుంట పడేంత బిగించకూడదు. ఫాల్స్ సీలింగ్ హ్యాంగర్ల చుట్టూ, లైటు పైపుల చుట్టూ ముక్కలు కోసి నింపాలి. సీలింగ్‌లో మునిగి ఉండే డౌన్‌లైట్ల డ్రైవర్లను (లైటుకు కరెంటు మార్చి ఇచ్చే చిన్న పెట్టెలు) రాక్‌వూల్‌తో కప్పేయకూడదు. రాక్‌వూల్ కాలదు గానీ డ్రైవర్ వేడెక్కి పోతుంది.

పని మొదలుపెట్టే ముందు శ్లాబు లీకులన్నీ సరిచేయాలి. తర్వాత లీకైతే ఎక్కడినుంచో కనిపెట్టడానికి సీలింగంతా విప్పాల్సిందే.

డ్రైవాల్ లోపల వేస్తే పక్క గది మాటలు వినపడవా?

గోడ గాలి చొరకుండా ఉంటే మాటలు అస్పష్టమవుతాయి. స్టడ్‌ల (బోర్డులు బిగించే నిలువు కమ్మీలు) మధ్య ఖాళీలో రాక్‌వూల్ నింపితే సాధారణంగా 4 నుంచి 8 డెసిబెల్స్ తగ్గుతుంది. కానీ గోడలో ఒక్క శాతం రంధ్రం ఉన్నా, మిగతా గోడ ఎంత గొప్పదైనా మొత్తం ఆపేది 20 డెసిబెల్స్ దగ్గర ఆగిపోతుంది. రంధ్రమంటే తలుపు కింద సందు, వెనకా ముందూ ఎదురెదురుగా పెట్టిన స్విచ్ బాక్సులు, గోడ పైభాగంలో ఫాల్స్ సీలింగ్ దగ్గరే ఆపేసిన చోటు. ఈ చివరిది ఆఫీసుల్లో మామూలైపోయింది. గోడను శ్లాబు దాకా తీసుకెళ్లకపోతే రాక్‌వూల్ ఖర్చు దండగ.

స్టడ్‌లు 610 ఎంఎం దూరంలో ఉంటే 600 వెడల్పు పలక స్టడ్ లోపలి మడతలోకి దూరి నిలుస్తుంది. కోయాల్సి వస్తే ఖాళీ కంటే 5–10 ఎంఎం ఎక్కువ కోయాలి. బ్రెడ్ కోసే పళ్ల కత్తి మామూలు కట్టర్ కంటే బాగా కోస్తుంది.

పక్కింటి టీవీ చప్పుడు వస్తోంది. మా వైపు గోడకు పలకలు అంటించొచ్చా?

అంటిస్తే మీ గదిలో గింగురు తగ్గుతుంది, పక్కింటి చప్పుడు తగ్గదు. రాక్‌వూల్ శబ్దాన్ని పీలుస్తుందే గానీ ఆపదు. ఆపడానికి బరువు కావాలి. ఇటుక గోడకు 25 ఎంఎం ఎడంగా, దాన్ని తాకకుండా వేరే స్టడ్ ఫ్రేమ్ కట్టి, లోపల 50 ఎంఎం రాక్‌వూల్ పెట్టి, 12.5 ఎంఎం జిప్సం బోర్డు రెండు పొరలు వేసి, అంచులన్నీ సీలెంట్‌తో మూయాలి. దాదాపు నాలుగు అంగుళాల గది పోతుంది.

హోమ్ థియేటర్‌లో బేస్ గింగురు తగ్గడానికి?

మందం, గాలి ఖాళీ రెండూ కావాలి. 1000 హెర్ట్జ్ శబ్దానికి పావు తరంగదైర్ఘ్యం 8.6 సెంటీమీటర్లు, 100 హెర్ట్జ్‌కు 86 సెంటీమీటర్లు. 25 ఎంఎం ప్యానెల్ బేస్‌ను తాకనైనా తాకదు. గది మూలల్లో 100 ఎంఎం లేదా అంతకు మించిన మందం, 48–64 డెన్సిటీ, వెనక 50–100 ఎంఎం ఖాళీ వదిలి పెట్టాలి. పైన కట్టే గుడ్డ గుండా ఊదితే గాలి పోవాలి.

కేబుల్ షాఫ్ట్ రంధ్రాల్లో రాక్‌వూల్ కుక్కేస్తే ఫైర్ స్టాప్ అయినట్టేనా?

కాదు. మంట ఆగుతుంది, పొగ ఆగదు. మనుషుల్ని ముందు చంపేది పొగే. 100కు తగ్గని డెన్సిటీ పలకలను రంధ్రానికి బిగువుగా కోసి పెట్టి, పైనా కిందా ఫైర్ రేటెడ్ పూత వేసి, కేబుళ్ల చుట్టూ ఫైర్ సీలెంట్ నింపాలి. ప్లాస్టిక్ పైపులు దూరిన చోట పైపు కరిగిపోయి రంధ్రం తెరుచుకుంటుంది కాబట్టి, వేడికి ఉబ్బి మూసుకునే కాలర్ విడిగా కావాలి.

గ్లాస్ ఫసాడ్ అంచు ఖాళీలో పలకను నొక్కి పెట్టాలి. 100 ఎంఎం ఖాళీకి 125–135 ఎంఎం మందం, జారకుండా క్లిప్పులు, పైన పొగ ఆపే పూత. ఎంతసేపు నిలుస్తుందో పలక ఒక్కదాని సర్టిఫికెట్ చెప్పదు. పలక, పూత, క్లిప్పు కలిపి పరీక్షించిన రిపోర్ట్ అడగాలి.

జనరేటర్ పొగ గొట్టానికి వేశాక మొదటిసారి నడిపితే పొగ వచ్చింది?

గొట్టానికి ఆనుకున్న పొరలో రెసిన్ కాలుతోంది. కొన్ని గంటల తర్వాత ఆగుతుంది, ఆ సమయంలో కిటికీలు తెరిచి ఉంచాలి. ఇక్కడ పలకలు కాక వైర్‌మెష్ కుట్టిన మ్యాట్రెస్ వాడాలి, ఎందుకంటే రెసిన్ కాలిపోయాక పోగుల్ని పట్టి ఉంచేది ఆ తీగే. వేడి పెరిగేకొద్దీ రాక్‌వూల్ నిరోధం పడిపోతుంది. సగటు 300 డిగ్రీల దగ్గర దాని గుండా పోయే వేడి, గది ఉష్ణోగ్రతతో పోలిస్తే రెట్టింపు దాటుతుంది. అందుకే 50 ఎంఎంతో సరిపెట్టకుండా 75–100 ఎంఎం రెండు పొరలుగా, అతుకులు ఒకదాని మీద ఒకటి రాకుండా చుట్టి, పైన అల్యూమినియం రేకు తొడగాలి.

ఏసీ చల్లటి నీళ్ల పైపులకు కూడా ఇదే చుట్టొచ్చా?

వద్దు. నీటి ఆవిరి రాక్‌వూల్ గుండా దాదాపు గాలిలో పోయినంత సులువుగా పోయి, చల్లటి పైపు మీద నీరుగా మారుతుంది. ఫాయిల్‌కు సూది మొనంత చిల్లు చాలు. విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల్లో ఒక్క వానాకాలంలోనే బొట్లు కారడం, పైపు తుప్పు పట్టడం మొదలవుతాయి. నైట్రైల్ రబ్బరు గానీ పఫ్ గానీ వాడాలి. కోల్డ్ స్టోరేజీలకూ పఫ్ ప్యానెళ్లే.

దురద తట్టుకోవడం ఎలా?

ఇది రసాయనం వల్ల కాదు, మొద్దు పోగులు చర్మాన్ని గుచ్చడం వల్ల. పొడవు చేతుల చొక్కా, గ్లవ్స్, కళ్లద్దాలు, ఎన్95 మాస్కు వేసుకోవాలి. తల పైన పని చేసేటప్పుడు కళ్లద్దాలు మరచిపోవద్దు. పనయ్యాక రుద్దకుండా చన్నీళ్లతో కడుక్కోవాలి. ఆ బట్టలు ఇంట్లో బట్టలతో కలిపి ఉతక్కూడదు.

## వాడకంలో

వానకు తడిసిపోయింది. పారేయాలా?

కొత్త పలక మీద నాలుగు చినుకులు పడితే పైపైనే జారిపోతాయి, నీడలో నిలబెట్టి ఆరబెడితే చాలు. నీటిలో నానిపోతే గాలి ఉండాల్సిన చోట నీరు ఉంటుంది, వేడిని ఆపే గుణం చాలావరకు పోతుంది. పూర్తిగా ఆరాక మందం కొలవండి. మందం తగ్గకుండా, వేలితో నొక్కితే తిరిగి లేస్తుంటే వాడొచ్చు. పొరలు విడిపోయినా, కుంగిపోయినా రెసిన్ దెబ్బతిన్నట్టే, మార్చేయాలి. ఫాయిల్‌కూ రేకుకూ మధ్య బంధించి ఉంటే తనంతట తాను ఆరదు, విప్పాలి.

చెదలు, ఎలుకలు పడతాయా?

చెదలు తినవు, తినడానికి అందులో ఏమీ లేదు. ఎలుకలూ తినవు గానీ తొలుచుకుని గూడు కడతాయి. ఫాల్స్ సీలింగ్‌లోకి పైపులు వచ్చే రంధ్రాలను ముందే మూసేయాలి. రాక్‌వూల్ తనంతట బూజు పట్టదు, కానీ చెమ్మలో దుమ్ము పేరుకుంటే ఆ దుమ్ముకు పడుతుంది.

ఎన్నేళ్లు ఉంటుంది?

పొడిగా, నొక్కుడు పడకుండా ఉంటే భవనం ఉన్నన్నాళ్లూ ఉంటుంది. పోగుల మధ్య ఉన్నది మామూలు గాలే కాబట్టి, కొన్ని ఫోముల్లోలా లోపలి గ్యాస్ తప్పించుకుని గుణం తగ్గడం ఉండదు.

మిగిలిన ముక్కలు ఏం చేయాలి?

కాల్చొద్దు. రెసిన్ పొగ తప్ప ఏమీ రాదు, రాయి అలాగే మిగులుతుంది. మొక్కల కుండీల్లోనూ వేయొద్దు. మొక్కలకు అమ్మే రాక్‌వూల్‌ను నీరు పీల్చేలా తయారుచేస్తారు, భవనాలది నీరు అంటకుండా నూనె చల్లినది. గట్టి సంచిలో మూట కట్టి నిర్మాణ వ్యర్థాలతో పంపాలి. పెద్ద ముక్కలు దాచుకోండి, ఎలక్ట్రీషియన్ రేపు సీలింగ్‌లో కొత్త రంధ్రం చేస్తే పనికొస్తాయి.